అన్నం మానకుండా బరువు తగ్గడం: సిక్కోలు, విజయనగరం వంటింటికి సరిపడే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎవరైనా బరువు తగ్గాలనుకుంటే మొట్టమొదట చేసే పని రాత్రి అన్నం మానేసి చపాతీలు మొదలుపెట్టడం. చపాతీకి నూనె, నంజుకోవడానికి బంగాళాదుంప వేపుడు, పదింటికి మళ్లీ ఆకలేసి డబ్బాలోంచి గుప్పెడు పలాస జీడిపప్పు. నెల తిరిగేసరికి తూకం ఉన్నచోటే ఉంటుంది, తిట్లు మాత్రం అన్నానికి పడతాయి. నిజానికి అన్నం మానక్కర్లేదు. అన్నం, నూనె, టీలో పంచదార, ఈ మూడింటికీ కొలత పెట్టుకుని కంచంలో కూరా పప్పూ పెంచుకుంటే వారానికి అరకిలో చొప్పున తగ్గొచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కూడా వారానికి అరకిలో తగ్గడమే సురక్షితమని ఉంది. రోజు మొత్తం తిండి 1000 కేలరీలకు తగ్గకూడదని కూడా అందులోనే ఉంది. నెలకు పది కిలోలు తగ్గిస్తామనే ప్రకటనలను ఈ రెండు ముక్కలతో కొలిచి చూసుకోండి.

ముందు రక్త పరీక్ష

దీన్ని దాటేయకండి, ముఖ్యంగా కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల వాళ్లు. ఈ మండలాలున్న ఉద్దానం ప్రాంతంలో షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కాళ్ల వాపు, ఆయాసం కనపడేసరికి జబ్బు చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. పప్పులు, గుడ్లు పెంచండి, ఆకుకూరల రసం తాగండి, కొబ్బరినీళ్లు తాగండి, తక్కువ సోడియం ఉప్పు వాడండి అని బరువు తగ్గేవాళ్లకు అందరూ చెబుతారు. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి ఈ సలహాలన్నీ ఎదురు తిరుగుతాయి. పప్పులూ గుడ్లూ ఎక్కువైతే కిడ్నీ మీద భారం పెరుగుతుంది. మిగతా మూడింటిలో పొటాషియం ఎక్కువ; అది ఒంట్లో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది.

అందుకని రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను, ఈ రెండూ చూపించుకోండి. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ఉద్దానం వాళ్లకు దగ్గర. మిగతావాళ్లు ఏ ప్రభుత్వాసుపత్రిలోనైనా చేయించుకోవచ్చు. రిపోర్టులో తేడా ఉంటే ఇక్కడ రాసిన పప్పు, ఆకుకూర కొలతలు మీకు వర్తించవు. డాక్టరు చెప్పిందే తినాలి. అదే రక్తంతో మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ కూడా చూపించుకోండి. ఒళ్లు వచ్చిన ప్రతివాళ్లూ ‘నాకు థైరాయిడ్ ఉందేమో’ అంటుంటారు. పరీక్ష చేయిస్తే ఆ అనుమానం ఒకసారికి తీరిపోతుంది.

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా అన్నం తగ్గించకూడదు. మందు మోతాదు అలాగే ఉండి తిండి తగ్గితే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టీబీ మందులు వాడుతున్నవాళ్లు, ఎదిగే పిల్లలు బరువు తగ్గే ప్రయత్నం సొంతంగా చేయకూడదు. ఏమీ చేయకుండానే బరువు తగ్గిపోతుంటే సంతోషించకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎంత తగ్గాలి

కిలోల్లో మీ బరువును, మీటర్లలో మీ ఎత్తుతో రెండుసార్లు భాగించండి. వచ్చిన అంకె 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. ఇది భారతీయులకు వాడే లెక్క. పాశ్చాత్యుల పట్టికలో ఈ గీతలు 25, 30 దగ్గర ఉంటాయి. 5 అడుగుల 2 అంగుళాల మనిషికి 57 కిలోలు దాటితే అధిక బరువు, 62 దాటితే ఊబకాయం. 5 అడుగుల 6 అంగుళాలైతే ఆ అంకెలు 65, 70.

నడుము చుట్టుకొలత ఇంతకంటే ముఖ్యం. సన్నటి చేతులు, కాళ్లు ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మగవాళ్లు మన ఊళ్లలో ఎందరో. వీళ్ల బరువు మామూలుగానే కనపడుతుంది, షుగరు మాత్రం వస్తుంది. టైలర్ టేపును ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యన చుట్టి, ఊపిరి వదిలాక చూడండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. ప్యాంటు సైజు నమ్మొద్దు, బెల్టు పొట్ట కిందకి జారిపోయి ఉంటుంది.

మొదటి గురి ఉన్న బరువులో ఇరవయ్యో వంతు. 72 కిలోలుంటే 68 దాకా చాలు. ఆ మాత్రం తగ్గినా బీపీ, షుగరు అంకెల్లో తేడా తెలుస్తుంది.

మొదటి వారం ఏమీ మార్చొద్దు, కొలవండి

వంటింటి కాటా ఒకటి కొనండి. లేకపోతే కిరాణా కొట్లో ఒకసారి తూయించుకున్నా చాలు. రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న కప్పులో 150 గ్రాముల బియ్యం పడతాయి. వంద గ్రాముల బియ్యం ఉడికితే సుమారు 280 గ్రాముల అన్నం అవుతుంది, అందులో 350 కేలరీలు ఉంటాయి. ఒక పూట మీరు మామూలుగా పెట్టుకునే అన్నాన్ని కంచంతో సహా తూచి, కంచం బరువు తీసేయండి. 360 గ్రాములు వస్తే అది దాదాపు 130 గ్రాముల బియ్యం.

నూనె ప్యాకెట్ తెరిచిన రోజే దాని మీద తేదీ రాయండి. లీటరు ప్యాకెట్లో 910 గ్రాముల నూనె ఉంటుంది. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్లు అవుతుంటే తలకు రోజుకు 38 గ్రాములు, అంటే 340 కేలరీలు. రోజుకు ఎన్ని టీలు, ఒక్కోదాంట్లో ఎన్ని చెంచాల పంచదార అన్నదీ రాయండి. బయట టీ కొట్లో తాగేవి కూడా రాయాలి, సాధారణంగా మరిచిపోయేవి అవే.

ఇప్పుడు లెక్క చూడండి. మధ్యాహ్నం, రాత్రి 130 గ్రాముల చొప్పున తినే బియ్యాన్ని 80కి దించితే 350 కేలరీలు తగ్గాయి. ఇంటి నూనెను 5 లీటర్ల నుంచి రెండున్నరకు దించితే తలకు 170. రెండేసి చెంచాల పంచదారతో తాగే నాలుగు టీల్లో పంచదార తీసేస్తే 160. ఆకలి ఆగడానికి పప్పు, కూర పెంచినందుకు 150 మళ్లీ కలపండి. నికరంగా రోజుకు 530 తక్కువ. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 కేలరీలు లోటు పడాలి, కాబట్టి వారానికి అరకిలో లెక్క ఇక్కడికి సరిపోయింది. ఇందులో ఏ పొడీ, ఏ కషాయమూ లేదు.

అన్నం దగ్గర అసలు చిక్కు

మన భోజనంలో అన్నం ఒక్కసారి పెట్టుకునేది కాదు. పప్పులోకి కొంత, కూరలోకి కొంత, చారులోకి మరికొంత, చివర్న పెరుగులోకి ఇంకొంచెం. ప్రతి విడతకూ ‘ఇంకాస్త’ వేస్తారు, వద్దన్నా వేస్తారు. కొలత తప్పేది ఇక్కడే.

ఒక గిన్నె మీకంటూ పెట్టుకోండి. అందులో 220 గ్రాముల అన్నం తూచి వేసి, ఎక్కడిదాకా వచ్చిందో బయట గోళ్ల రంగుతో ఒక గీత గీయండి. రోజూ ఆ గీత దాకా అన్నం తీసుకుని, కంచంలోకి వంచే ముందే మూడు భాగాలు చేయండి: పప్పుకు ఒకటి, కూరకు ఒకటి, పెరుగుకు ఒకటి. చారును అన్నంలో పోసుకోకుండా గ్లాసులో పోసుకుని వేడిగా తాగేయండి. మిరియాల చారైనా, ఉలవచారైనా అంతే. ఒక్క చారు విడత తీసేస్తేనే చాలామందికి పూటకు పాతిక గ్రాముల బియ్యం తగ్గుతాయి.

ఇంకో మార్పు: కంచంలో కూర ముందు పెట్టుకోండి, సగం కంచం నిండేలా. పప్పు ఒక గిన్నెడు. అన్నం ఆ తర్వాత. నాలుగు ముద్దలు వట్టి కూరే తిన్నాక అన్నం మొదలుపెడితే ఆకలి దూకుడు తగ్గుతుంది. కూరలో ఉప్పూ కారం అన్నానికి సరిపడా వేసే అలవాటు ఉంటుంది కదా, వట్టిగా తినాలంటే అవి మూడో వంతు తగ్గించాలి. లేకపోతే కూర నోట పెట్టలేక మళ్లీ అన్నమే కలుపుకుంటారు. ఇంట్లో మిగతావాళ్లు గొణిగితే ఆవకాయ ముక్క వాళ్ల కంచంలో వేయండి.

చద్దన్నం, తరవాణి మానక్కర్లేదు. రాత్రి మిగిలిన అన్నం పొద్దున మజ్జిగతో తింటే, ఆ అన్నం కూడా కొలతలోదే అయి ఉండాలి. చద్దన్నంలో కేలరీలు ఉండవని ఒక మాట తిరుగుతోంది. చల్లారిన అన్నంలో కొద్దిపాటి పిండిపదార్థం అరగని రూపంలోకి మారే మాట నిజమే, అది తూకంలో కనపడేంత కాదు.

చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు), సామలు

చిరుధాన్యాలు తింటే బరువు తగ్గుతారని అన్నం మానేసి, కొర్రన్నం రెండింతలు తినేవాళ్లున్నారు. వంద గ్రాముల చోళ్లలో 320 కేలరీలు, బియ్యంలో 350. తేడా ఎంతో మీరే చూడండి. చోళ్ల గొప్పతనం పీచులో, కాల్షియంలో ఉంది. వంద గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం మరే ధాన్యంలోనూ దొరకదు. కాబట్టి చిరుధాన్యాన్ని కూడా అదే 80 గ్రాముల దగ్గర ఆపాలి. సంతలో కొనేటప్పుడు మరీ తెల్లగా పాలిష్ పట్టినవి వదిలేయండి, పీచు ఆ తవుడుతోనే పోతుంది.

చోడి అంబలి ఇద్దరికి ఇలా కాచాలి. 60 గ్రాముల చోడి పిండిని రాత్రి ఒక గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మూతపెట్టండి. చలికాలం తెల్లారేదాకా ఉంచొచ్చు. వైశాఖం ఎండల్లో ఆరు గంటల్లోనే పుల్లబడిపోతుంది, అప్పుడు పడుకునే ముందు కలిపి కాస్త పెందలాడే కాచుకోవాలి. పొద్దున మూడు గ్లాసుల నీళ్లు చిటికెడు ఉప్పుతో మరిగించి, మంట తగ్గించి, నానిన పిండిని గరిటతో తిప్పుతూ సన్నటి ధారగా పోయండి. పది పన్నెండు నిమిషాలు సన్నటి సెగ మీద ఉడకాలి. తడి వేలితో తాకితే అంటుకోకుండా, పచ్చి వాసన పోయి, రంగు కొంచెం ముదిరితే అయినట్టు. పూర్తిగా చల్లారాక గ్లాసుడు పల్చటి మజ్జిగ కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని తాగండి. ఒక్కొక్కరికి 115 నుంచి 120 కేలరీలు. నూకలు వేసి కాచే ఇళ్లలో ఆ నూకల్ని ఆ పూట బియ్యం లెక్కలోంచి తీసేయాలి.

పొడి పిండిని మరిగే నీళ్లలో పోస్తే ఉండ కడుతుంది. పైన ఉడికి లోపల పచ్చిగా ఉన్న ఆ ఉండలే కడుపుబ్బరానికి కారణం. నాలుగు నిమిషాలకే దించితే కూడా అంతే. బెల్లం 20 గ్రాములు వేస్తే మరో 75 కేలరీలు చేరతాయి, బెల్లానికీ పంచదారకూ బరువు విషయంలో తేడా లేదు. అన్నిటికంటే పెద్ద పొరపాటు టిఫిన్ తిన్నాక పదకొండింటికి ‘ఆరోగ్యానికి’ అని అంబలి అదనంగా తాగడం. తాగితే టిఫిన్ బదులు తాగాలి, గుడ్డో గుగ్గిళ్లో పక్కన పెట్టుకుని. షుగరున్నవాళ్లకు మెత్తటి జావ త్వరగా అరిగి షుగరు గభాల్న పెరుగుతుంది, వాళ్లు చోడి రొట్టె చేసుకోవడం మంచిది.

నూనె తగ్గించి రుచి నిలపడం: ఆవ పెట్టిన కూర

వేపుడు మానండి అని చెప్పడం సులువు. దాని స్థానంలో ఏం వండాలో చెప్పకపోతే మూడో రోజు మళ్లీ దొండకాయ వేపుడే పొయ్యి మీదకొస్తుంది. మన వైపు ఆవ పెట్టడం ఈ పనికి చక్కగా సరిపోతుంది, నూనె లోటు నాలుకకు తెలియదు.

నలుగురికి అరకిలో పనసపొట్టు, లేదా క్యాబేజీ, పొట్లకాయ. ఒకటిన్నర చెంచాల ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు పావుగంట నానబెట్టి, చిటికెడు ఉప్పుతో మెత్తగా నూరండి. ఉప్పు లేకుండా నూరితే చేదు తిరిగే అవకాశం ఎక్కువ. కూర ముక్కల్ని పసుపు, ఉప్పుతో ఉడికించి నీళ్లు వార్చేయండి. మూకుట్లో రెండు చెంచాల నూనె మాత్రమే, సరిగ్గా చెంచాతో కొలిచి, డబ్బాతో వంచకుండా. శనగపప్పు, మినప్పప్పు, ఇంగువ, కరివేపాకుతో తాలింపు పెట్టి, ముక్కలు వేసి, నిమ్మకాయంత చింతపండు పులుసు పోసి ఐదు నిమిషాలు మగ్గనివ్వండి. పొయ్యి కట్టేసి, రెండు నిమిషాలు ఆగి, అప్పుడు ఆవ కలపాలి. మంట మీద కలిపితే ఘాటు పోతుంది, చేదు మిగులుతుంది. ఈ కూర కాసేపు ఊరితేనే బాగుంటుంది కాబట్టి పొద్దున చేసి మధ్యాహ్నం తినండి. అరటికాయకూ ఇదే పద్ధతి, కానీ అరటికాయ పిండిపదార్థం. అది వండిన పూట అన్నం గీతకు వేలెడు కిందకి దించాలి. కందకూ, బంగాళాదుంపకూ కూడా అంతే.

బెండకాయ, దొండకాయ వేపుడు తినకపోతే ప్రాణం పోతుందనేవాళ్లు ముక్కల్ని ముందు ఆవిరి మీద ఉడికించి, పెనం మీద పావుకిలోకు రెండు చెంచాల నూనెతో ఎర్రగా వేయించండి. పచ్చి ముక్క వేగడానికి తాగే నూనెలో ఉడికిన ముక్కకు సగం కూడా పట్టదు.

ఉద్దానం వంటలో కొబ్బరి ఎక్కువ. పచ్చికొబ్బరి వంద గ్రాములంటే అన్నం కొలత గిన్నెడున్నర అన్నంతో సమానం, పచ్చడికి మనిషికి రెండు చెంచాలు చాలు. జీడిపప్పు 30 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు, 170 కేలరీలు పైనే. పలాసలో చుట్టాలున్నవాళ్ల ఇళ్లకు అది కిలోల్లో వస్తుంది. ఆ డబ్బాను చేతికందే చోటు నుంచి తీసేయడమే మందు.

ఆకలిని ఆపేవి

మధ్యాహ్నం గిన్నెడు పప్పు తలకు 30 గ్రాముల పచ్చిపప్పుతో చేయాలి. నీళ్లలో కందిపప్పు వెతుక్కునేలా చేస్తే సాయంత్రం నాలుగింటికే చేయి బజ్జీల వైపు పోతుంది. ఆ వేళకు ఉలవ గుగ్గిళ్లు సిద్ధంగా ఉండాలి: తలకు 30 గ్రాముల ఉలవలు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో కట్టి ఒక రోజు మొలక రానిచ్చి, కుక్కర్లో ఐదారు విజిళ్లు. ఉల్లిపాయ, నిమ్మరసం కలుపుకోవాలి, తాలింపు అక్కర్లేదు. సుమారు 100 కేలరీలు, ఆరున్నర గ్రాముల ప్రోటీను. ఉలవలు కొవ్వు కరిగిస్తాయని పెద్దవాళ్లు చెప్పేది ఆకలి ఆగడం వల్ల వచ్చిన పేరు. కరిగించే గుణం ఉలవచారులో వేరే ఏమీ లేదు, మీగడ వేసి తాగితే అదీ పోయింది.

కళింగపట్నం, భావనపాడు వైపు దొరికే కవళ్లు, కానాగంతల లాంటి చేపలు చవకలో మంచి ప్రోటీను, గుండెకు పనికొచ్చే కొవ్వు కూడా వాటిలోనే. మనిషికి వంద గ్రాములు, రెండు చెంచాల నూనెతో పులుసు. వేయిస్తే లెక్క తప్పుతుంది. ఎండు చేపల్లో ఉప్పు విపరీతం, బీపీ ఉన్నవాళ్లు నానబెట్టి కడిగినా వారానికి ఒకసారి మించొద్దు.

ఒక రోజు మొత్తం ఇలా సాగుతుంది: పొద్దున పంచదార లేని టీ, మూడు ఇడ్లీలు, రెండు చెంచాల పచ్చడి, ఒక గుడ్డు. పదకొండింటికి జామకాయ, పల్చటి మజ్జిగ. మధ్యాహ్నం గీత దాకా అన్నం, పప్పు, సగం కంచం కూర, వంద గ్రాముల పెరుగు. నాలుగింటికి గుగ్గిళ్లు, టీ. రాత్రి ఎనిమిది లోపు మళ్లీ అంతే అన్నం, లేదా నూనె లేని రెండు పుల్కాలు, చేప పులుసో కూరో. అటూ ఇటుగా 1500 కేలరీలు. ఇంట్లో, ఆఫీసులో కూర్చుని చేసే పనులున్న ఆడవాళ్లకు ఇది సరిపోతుంది. మగవాళ్లు పూటకు ఇంకో 20 గ్రాముల బియ్యం కలుపుకోవచ్చు. జీడితోటల్లో, పొలంలో ఎండన పడి పనిచేసేవాళ్లకు ఈ కొలత చాలదు, వాళ్లు నూనె, పంచదార మాత్రమే తగ్గించుకుని అన్నం జోలికి పోకపోవడం మేలు.

వంటింటి మందుల్లో ఏది ఎంతవరకు

మెంతులు పనిచేసేవాటిలో మొదటివి. ఒక చెంచా మెంతులు రాత్రి నానబెట్టి పొద్దున గింజలతో సహా నమిలి మింగాలి. వాటి జిగురు పీచు భోజనం తర్వాత షుగరు పెరిగే వేగాన్ని కొంత తగ్గిస్తుంది, ఆకలిని కాస్త ఆపుతుంది. నీళ్లు తాగి గింజలు పారేస్తే ఆ పీచే పారేసినట్టు. షుగరు మాత్రలు వాడేవాళ్లు మెంతులు మొదలుపెట్టిన వారంలో షుగరు చూసుకుంటూ ఉండాలి. గర్భిణులు మందులా తినకూడదు. థైరాయిడ్ మాత్రను ముందు వట్టి నీళ్లతో వేసుకుని, కనీసం గంట ఆగి మెంతులో కాఫీయో తీసుకోవాలి, లేకపోతే మాత్ర ఒంటపట్టదు.

నిమ్మరసం, తేనె, గోరువెచ్చటి నీళ్లు: కొవ్వు కరగదు. తీపి టీ బదులు వట్టి నిమ్మరసం తాగితే ఆ పంచదార మిగిలినట్టు, అంతవరకే లాభం. తేనె చెంచాకు 20 కేలరీలు. జీలకర్ర నీళ్లు, దాల్చినచెక్క నీళ్లు కూడా ఈ కోవలోవే. ఇసబ్‌గోల్ రాత్రి ఒక చెంచా పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. కాసేపు ఆగితే ముద్దకట్టి గొంతులో అడ్డుపడుతుంది.

త్రిఫల లాంటి విరేచనం చేసే పొడులతో మర్నాడు తూకం కిలో తగ్గొచ్చు, పోయింది నీళ్లు. రెండు గ్లాసులు తాగితే తిరిగొస్తుంది. యాపిల్ సిడార్ వెనిగర్ పళ్ల మీది పింగాణీని తినేస్తుంది. గార్సీనియా మాత్రలు, గాఢంగా తీసిన గ్రీన్ టీ క్యాప్సూల్స్ కొందరి కాలేయాన్ని దెబ్బతీశాయి. పేరూ పదార్థాలూ రాయని పొట్లాలు ఎవరిచ్చినా వాడొద్దు.

ఆకుకూరల పచ్చిరసం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాలకూర, తోటకూరలో ఆక్సలేట్లు ఎక్కువ. వండుకు తింటే ఒక పూటకు గుప్పెడు ఆకు తింటాం, వండిన నీళ్లలో కొంత పోతుంది కూడా. అదే రసం తీస్తే రెండు కట్టల ఆకు ఒక్క గ్లాసులోకి దిగుతుంది. వారాల తరబడి రోజూ తాగినవాళ్లలో ఆ ఆక్సలేట్లు కిడ్నీల్లో పేరుకుని అవి పనిచేయడం మానేసిన సందర్భాలు వైద్యంలో నమోదయ్యాయి. నక్షత్రఫలం (స్టార్ ఫ్రూట్) కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఒక్క కాయైనా ప్రమాదమే. ఉద్దానం పరిసరాల్లో ఈ రసాల మోజు అస్సలు వద్దు. ఆకుకూర పప్పులో వేసుకోండి.

నడక

వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగంతో. శ్రీకాకుళంలో నాగావళి గట్టు, విజయనగరంలో పెద్ద చెరువు గట్టు ఉండనే ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో ఏడు లోపే ముగించేయాలి. గంట నడిస్తే 200 నుంచి 250 కేలరీలు ఖర్చవుతాయి, దారిలో రెండు మైసూర్ బజ్జీలు తింటే చెల్లుకు చెల్లు. నడకతో పాటు వారానికి మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం పదేసి చొప్పున మూడు విడతలు చేయండి. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, దాన్ని ఆపేది ఇదీ, కంచంలో పప్పూనూ. మోకాళ్లు నొప్పెడితే రెండు రోజులు ఆపండి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మందుల షాపులో అడిగి రోజూ వేసుకోవడం కిడ్నీలకు చేటు.

తూకం కదలనప్పుడు

వారానికి ఒకే రోజు, పొద్దున, దొడ్డికి వెళ్లొచ్చాక, నీళ్లు కూడా తాగకముందు, ఒకే తూకం మీద చూసుకోండి. మొదటి వారం కిలోన్నర తగ్గితే పొంగిపోవద్దు, అందులో ఎక్కువ నీళ్లే. రెండో వారం ఏమీ తగ్గకపోతే దిగులు పడొద్దు. ఆడవాళ్లకు నెలసరి ముందు కిలో దాకా నీరు చేరడం మామూలే, వాళ్లు నెలకు నెల పోల్చుకోవాలి.

ఏడెనిమిది వారాలకు చాలామందికి ముల్లు ఆగుతుంది. ఐదు కిలోలు తగ్గిన ఒంటికి మునుపటంత తిండి అక్కర్లేదు, ఇది ఒక కారణం. అసలు కారణం సాధారణంగా వేరే ఉంటుంది: గీత పైకి అన్నం గోపురం లేస్తుంది, నూనె చెంచా మళ్లీ అటకెక్కుతుంది, ఆదివారం బిర్యానీ శనివారం రాత్రి నుంచే మొదలవుతుంది. కాబట్టి తిండి ఇంకా తగ్గించే ముందు మూడు రోజులు మళ్లీ తూచి చూడండి. కొలతలన్నీ సరిగ్గా ఉండి కూడా ఆగితే పూటకు 10 గ్రాముల బియ్యం తగ్గించి, నడక పావుగంట పెంచండి. అంతకుమించి కోసేయొద్దు. మరీ వేగంగా తగ్గినవాళ్లకు రెండు మూడు నెలల తర్వాత జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది, పిత్తాశయంలో రాళ్లు కూడా వస్తాయి.

సంక్రాంతికి అరిసెలు, పైడితల్లి పండగకు చుట్టాలు తప్పవు. ఓ మోస్తరు అరిసె ఒకటి పూట అన్నంలో సగానికి సరిపోతుంది. తినాలనుంటే ఆ పూట అన్నం సగం తీసేసి తినండి, దాచుకుని అర్ధరాత్రి తినడం కంటే నయం. పండగ మర్నాడు ఉపవాసం ఉండొద్దు, సాయంత్రానికి రెట్టింపు తినేస్తారు. ఎప్పటి కొలతకు వచ్చేస్తే చాలు.

అనుకున్న బరువుకు చేరాక పూటకు 20 గ్రాముల బియ్యం పెంచి రెండు వారాలు చూడండి. నడుము కొలత మారకపోతే అదే మీ కొలత, గిన్నె మీద పాత గీత తుడిచి కొత్తది గీసుకోండి. నూనె ప్యాకెట్ మీద తేదీ రాయడం మాత్రం ఆపొద్దు. ఎప్పుడైనా రెండు కిలోలు పెరిగినట్టు కనపడితే ఆ వారమే పాత కొలతకు దిగండి, ఐదారు కిలోలయ్యాక మొదలుపెడితే మళ్లీ మూడు నెలల పని.